మా అక్క కార్ఖానా

కొత్త ఎయిర్‌పోర్టులో విమానాలు దిగడం మొదలైన ఆ ఎండాకాలం నాకు ఏడో తరగతి పరీక్షలు, అక్కకు పదో తరగతి పరీక్షలు. మా ఊళ్లో ఏ ఇంట్లోనూ పిల్లలు పుస్తకం ముందు కుదురుగా కూర్చోలేదు. శంషాబాద్ నుంచి మామిడిపల్లి వైపు వచ్చే దారిలో, ఎయిర్‌పోర్టు గోడకు కొంచెం ఇవతల మా ఊరు. ఊరి వెనక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు పెద్ద పెద్ద బండరాళ్లు. మేం వాటిని గుండ్లు అనేవాళ్లం. పొద్దున పాలు పితికి, చాయ్ తాగి, జనం జాతరకు పోయినట్టు ఆ గుండ్లెక్కేవాళ్లు. ఒకరు ఉడకబెట్టిన పల్లికాయ తెస్తే ఇంకొకరు గొడుగు తెచ్చేవారు. అందరి మొహాలూ ఆకాశం వైపే.

నేను చూసిన మొదటి విమానం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. విమానం కంటే ముందు దాని నీడ కనిపించింది. కోసిన జొన్నచేను మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చి మేకల మంద మీద నుంచి పోయింది. మేకలు తలా ఒక దిక్కు పారిపోయాయి. తలెత్తేసరికి తెల్లటి పొట్ట మా నెత్తి మీదే ఉంది. చక్రాలు కనిపించాయి, చక్రాల పక్కన సన్నటి గొట్టాలు కూడా కనిపించాయి. ఆ చప్పుడుకు నా పక్కటెముకలు వణికాయి. నేను అరుస్తున్నానని నాకే తెలియలేదు. విమానం దిగి గోడ అవతల మాయమయ్యాక నాయనమ్మ తీరిగ్గా రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఇప్పుడెందుకు మూసినవ్ అవ్వా? పోయింది గద," అన్నాడు బాపు.

"ఇంకోటి వస్తది గద," అంది నాయనమ్మ.

అది ఏ దేశం నుంచి వచ్చింది, లోపల ఎందరుంటారు, అన్నం ఎక్కడ తింటారు అని జనమంతా మాట్లాడుకుంటున్నారు. అక్క మాత్రం బాపు అంగీ పట్టుకుని లాగింది.

"బాపూ, గా రేకులు ఒకదానికొకటి ఎట్ల అంటుకున్నయ్?"

"వెల్డింగ్ కొట్టి ఉంటరు."

"వెల్డింగ్ అయితే గంత సాఫుగ ఉండది. మన గేటు చూడు, ఎట్ల గడ్డలు గడ్డలుగ ఉంటదో."

బాపు నవ్వేసి ఊరుకున్నాడు. అక్క ఊరుకోలేదు. ఆ వారమంతా విమానం వచ్చినప్పుడల్లా కళ్లు చిట్లించి దాని పొట్టకేసే చూసేది.

మా ఇంటికీ రోడ్డుకూ మధ్య ఒక మెకానిక్ షాపు ఉండేది. దాన్ని నడిపే పెద్దమనిషి పాతబస్తీ నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడ్డవాడు. ఊరంతా ఆయన్ను చాచా అని పిలిచేది. స్కూటర్లు, మోపెడ్లు, బోరు మోటార్లు ఏవైనా బాగుచేసేవాడు. అక్క బడి నుంచి రాగానే సంచి ఇంట్లో పడేసి ఆ షాపు ముందు గోనెపట్టా మీద కూర్చునేది. మొదట చాచా అడిగిన పానా అందించేది. తర్వాత ఆయన అడగక ముందే అందించడం మొదలుపెట్టింది. మా టేబుల్ ఫ్యాను తిరగడం మానేస్తే విప్పి, తుడిచి, నూనె వేసి మళ్లీ బిగించింది. ఫ్యాను తిరిగింది. ఒక స్క్రూ మిగిలిపోయింది. ఆ స్క్రూను అమ్మ అటుకుల డబ్బాలో దాచిపెట్టింది, ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని.

పది ఫలితాలు వచ్చాక చాచా మా ఇంటికొచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"మీ బిడ్డ చేతిలో హునర్ ఉంది భాయ్, పనితనం ఉంది. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చెయ్యనియ్యి. ఎయిర్‌పోర్ట్ వచ్చింది, జర ఆగితే కార్ఖానాలు భీ వస్తయ్."

బాపు మొహం మాడిపోయింది. ఆయన కోపానికి కారణముంది. కాటేదాన్‌లో ఇనుప చువ్వలు చేసే కార్ఖానాలో బాపు పని. ఎర్రగా కాలిన ఇనుము పాములా రోలర్ల నుంచి బయటికొస్తే, పటకారుతో దాన్ని ఒడిసి పట్టుకుని పక్క రోలర్లోకి మళ్లించాలి. మాకు ద్రాక్షతోట ఉన్న రోజుల్లో తోటపని చేసుకున్న చేతులవి. బోరు ఎండి, తోట పోయి, ఆయన కార్ఖానాకు పోవడం మొదలుపెట్టాక ఆ చేతుల నిండా చినుకులు పడ్డట్టు మచ్చలు పడ్డాయి. ఎడమచేతి చిటికెన వేలు చివర లేదు. సాయంత్రం ఆయన బస్సు దిగి వస్తుంటే అంగీలోంచి కాలిన నూనె వాసన ముందు వచ్చేది.

"కార్ఖానా అంటే ఏందో నాకెర్క," అన్నాడు బాపు. "ఆడపిల్లను గా దుమ్ములకు, గా మంటలకు తోల్తనా? ఇంటర్ చదువనీ, తర్వాత చూద్దాం."

అక్క గోడకు ఆనుకుని నిలబడి పెదవి కొరుక్కుంటోంది. అప్పుడు వంటింట్లోంచి అమ్మ బయటికి వచ్చింది. ద్రాక్షతోటలు పోయాక అమ్మ ఎయిర్‌పోర్టు దారి పొడుగునా మొక్కలు పెంచే పనికి పోయేది. తలకు గుడ్డ చుట్టుకుని, పైపు పట్టుకుని, ఎండంతా రోడ్డు మీదే.

"నేను ఎండల పనిచేస్తున్న," అంది అమ్మ. "అది నీడల పనిచేస్తనంటుంది. ఒద్దనుడెందుకు?"

ఆ మాటకు చాచా గట్టిగా నవ్వాడు. బాపు నవ్వలేదు కానీ మళ్లీ వద్దనలేదు. మర్నాడే అమ్మ పని ఎగ్గొట్టి, అక్కను వెంటబెట్టుకుని ఐటీఐకి పోయింది. సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీలు కొనుక్కొచ్చారు. బజ్జీల పొట్లం చూడగానే సీటు వచ్చిందని నాకు అర్థమైపోయి ఇంటి చుట్టూ పరుగెత్తాను.

ఆ రెండేళ్లూ మా ఊరి చుట్టూ ఏదో ఒకటి లేస్తూనే ఉండేది. పొద్దున బడికి పోయేటప్పుడు ఉన్న తోట సాయంత్రానికి చదును నేలయ్యేది. ద్రాక్షపందిళ్ల రాతి కడీలు లారీలెక్కి పోతే వాటి చోట తెల్లరంగేసిన ప్లాటు రాళ్లు వచ్చాయి. గోదాములు, లారీల అడ్డాలు, ఊరి బయట అద్దాల ఫంక్షన్ హాళ్లు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పొడుగాటి వంతెన వేశారని, దాని మీద కార్లు గాల్లో పోతున్నట్టే ఉంటాయని బుద్వేల్‌లో ఉండే మా మేనత్త వచ్చి చెబితే, బాపు ఒక ఆదివారం మమ్మల్ని అటు తీసుకుపోయి కింద నిలబెట్టి చూపించాడు. మేం తలలెత్తి నోళ్లు తెరిచి చూశాం. పోయినవాటి గురించి పెద్దవాళ్లు బాధపడేవాళ్లు. ద్రాక్ష కోసే రోజుల్లో ఊరంతా అలుముకునే ఆ తీపి వాసన నాకూ గుర్తుంది, ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను. కానీ ఆ వయసులో మాకు వచ్చేవాటి మీదే కళ్లు. రేపు ఏం లేస్తుందో చూడాలని నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు.

అన్నిటికంటే గొప్పది ఔటర్ రోడ్డు. తుక్కుగూడ వైపు రోడ్డు వేయడం అయిపోయింది కానీ బండ్లను ఇంకా వదల్లేదు. ఆ కొన్ని నెలలు అది మా సొంత రోడ్డే అయింది. సాయంత్రమైతే చుట్టుపక్కల ఊళ్ల పిల్లలంతా సైకిళ్లు మోసుకుని రోడ్డు కట్ట ఎక్కేవాళ్లు. నల్లగా, నున్నగా, కనుచూపు మేర ఒక్క గుంత లేని రోడ్డు! మా ఊరి బాటల మీద సైకిల్ తొక్కితే దవడలు కదిలేవి. ఇక్కడ చక్రం తిరుగుతున్నట్టే తెలిసేది కాదు. ఊళ్లో ఎవరైనా చూస్తారని సిగ్గుపడే ఆడపిల్లలంతా సైకిల్ నేర్చుకున్నది ఆ రోడ్డు మీదే. నేనూ అక్కడే నేర్చుకున్నాను. అక్క వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతూ, "ముందుకు చూడు, ముందుకు చూడు," అని అరిచేది. ఒకసారి ఆ అరుపు దూరం నుంచి వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే అక్క ఎక్కడో చిన్నగా నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. నేను ఒక్కదాన్నే తొక్కుతున్నాను. ఆ సంతోషంలో బ్రేకు ఎక్కడుందో మరిచిపోయి డివైడర్‌లో కొత్తగా పోసిన మట్టిలోకి దూసుకుపోయాను. మోచేయి గీరుకుపోయింది. అక్క పరుగెత్తుకొచ్చి ముందు సైకిల్‌ను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"హ్యాండిల్ వంకర పోయింది," అంది.

"నా చెయ్యి?"

"చెయ్యి మంచిగనే ఉంది. హ్యాండిల్ పట్టుకో, సాఫ్ చేద్దాం."

ఐటీఐలో అక్కకు మొదటి ఆరు నెలలూ ఆకురాయి పనే. ఇనుపముక్కను వైస్‌లో బిగించి, ఆకురాయితో రాకి రాకి, అన్ని వైపులా చదరంగా తేవాలి. వాళ్ల తరగతిలో ఆడపిల్లలు చాలా తక్కువ. మగపిల్లలు నవ్వుతారేమోనని ఇంటి దగ్గర కూడా సాధన చేసేది. చాచా షాపులో వైస్ ముందు నిలబడి రాకుతుంటే రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పని అయ్యాక ఇంటికి తెచ్చి, ముక్క మీద మూలమట్టం ఆనించి, ట్యూబులైటు కేసి ఎత్తి నాకు చూపించేది.

"సందులకెళ్లి వెలుగు కనబడుతుందా?"

"జరంత కనబడుతుంది."

అక్క నిట్టూర్చి మళ్లీ షాపుకు పోయేది. ఒకరోజు అలాగే ఎత్తి చూపించింది. ఒక కన్ను మూసి చూశాను, ఇంకో కన్ను మూసి చూశాను. గీత కూడా లేదు. "కనబడ్తలేదు! ఏం కనబడ్తలేదు!" అని నేను ఎగిరితే నాయనమ్మ కంగారుపడి, "అయ్యో, కండ్లకేమైంది పిల్లకు?" అంటూ మంచం దిగి వచ్చింది. విషయం తెలిశాక ఆ ముక్కను తీసుకుని అరచేతిలో తిప్పి చూసి, "వక్కలు దంచుకోను మంచిగుంటది," అని తన సంచిలో వేసుకుంది. అక్క ఎంత బతిమాలినా ఇవ్వలేదు. మర్నాడు ఐటీఐలో చూపించడానికి బాపు మధ్యవర్తిత్వం చేయాల్సి వచ్చింది.

ఐటీఐ అయ్యాక అక్క బస్సుల వర్క్‌షాపులో అప్రెంటిస్ చేసింది. అది ముగిసే సమయానికే చాచా చెప్పిన మాట నిజమైంది. ఎయిర్‌పోర్టు పక్కన విమానాల భాగాలు చేసే కార్ఖానా ఒకటి వచ్చింది. ఐటీఐ చేసినవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి అక్క దరఖాస్తు పంపింది. ఇంటర్వ్యూకు రమ్మని కబురు వచ్చింది. సరిగ్గా ఆ రోజే బంద్.

అవి తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజులు. బస్సులు లేవు, ఆటోలు లేవు, మా కాలేజీ లేదు, బాపు కార్ఖానా కూడా మూతే. అక్క తెల్లారకముందే లేచి తయారై, జడ వేసుకుని, సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు. అలా కూర్చుంది, అంతే. బాపు ఇంట్లోకి బయటికి తిరిగాడు. ఆఖరికి చెప్పులు వేసుకుని చాచా ఇంటికి పోయి ఆయన పాత స్కూటర్ నడిపించుకుంటూ వచ్చాడు.

"కూసో," అన్నాడు అక్కతో, మొహం అటు తిప్పుకుని. "పోయి చూసొస్తే పోతది గద."

నేనూ వస్తానని పట్టుబట్టాను. బాపుకు వాదించే ఓపిక లేదు. ముందు బాపు, మధ్యలో అక్క, వెనక నేను. పెద్ద రోడ్డు మీద టైర్లు తగలబెడుతున్నారని విని మామిడిపల్లి లోపలి బాటలు పట్టాం. ఎయిర్‌పోర్టు గోడ పక్కన పోతూ ఉంటే ఒక మలుపు దగ్గర స్కూటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగింది కూడా ఎక్కడ? రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, జెండాలు పట్టుకుని నిలబడ్డ పడుచువాళ్ల గుంపు ముందు.

ఒకతను ముందుకొచ్చాడు. "ఏంది కాకా, ఇయ్యాల బంద్ గద. ఏడికి పోతున్నరు?"

బాపు గొంతు సవరించుకున్నాడు. "నా బిడ్డకు నౌకరి ఇంటర్వ్యూ ఉంది తమ్మీ. విమానాల కార్ఖానాల."

అతను మా ముగ్గుర్నీ చూశాడు, అక్క చేతిలో సంచిని చూశాడు, వెనక్కి తిరిగి కేకేశాడు.

"అరే, రాళ్లు తియ్యిండ్రా! మన కొట్లాటంతా నౌకర్ల కోసమే గద! చెల్లె ఇంటర్వ్యూకు పోతుంది."

అందరూ గోలగా వచ్చి స్కూటర్‌ను తోశారు. ఒక పక్క నుంచి నినాదాలు, ఒక పక్క నుంచి "గేరెయ్యి కాకా, గేరెయ్యి!" అనే అరుపులు. స్కూటర్ కదిలింది కానీ స్టార్ట్ కాలేదు. మళ్లీ తోశారు. కాలేదు. బాపు మొహం చెమటతో తడిసిపోయింది. అప్పుడు అక్క సంచి నా చేతికిచ్చి కిందికి దిగింది.

"ఆగు బాపూ. ప్లగ్గుల మసి పట్టినట్టుంది."

డిక్కీలోంచి పానా తీసి, ఇంజిను మూత తెరిచి, ప్లగ్గు విప్పింది. నల్లగా బొగ్గులా ఉంది. పరీక్షలో పనికొస్తుందని తెచ్చుకున్న గరుకు కాగితంతో దాన్ని రుద్ది, నోటితో ఊది, మళ్లీ బిగించింది. ఆ గుంపంతా చుట్టూ మూగి చూసింది. బాపు కిక్ కొట్టాడు. స్కూటర్ డుర్రుమంటూ స్టార్ట్ అయింది. ఆ పడుచువాళ్లు వేసిన ఈలలు, కేకలు ఎయిర్‌పోర్టు గోడ అవతలికి కూడా వినిపించి ఉంటాయి. మేం కదులుతుంటే వెనక నుంచి "జై తెలంగాణ" అన్నారు. నేను కూడా గొంతు చించుకుని అరిచాను. బాపు కూడా అరిచాడు. ఆయన అలా అరవడం నేను అంతకుముందు వినలేదు.

కార్ఖానా గేటు దగ్గర అక్క లోపలికి పోతుంటే చూసుకుంది: రెండు చేతులూ మసి. చున్నీకి తుడుచుకుందామంటే చున్నీ తెల్లది. అలాగే పోయింది. బాపూ నేనూ గేటు ఎదురుగా ఒక సిమెంటు పైపు మీద కూర్చున్నాం. విమానాలు మా ముందే లేస్తున్నాయి, దిగుతున్నాయి. బాపు ఒక్కదాన్ని కూడా చూడలేదు. గేటునే చూస్తున్నాడు.

మధ్యాహ్నం దాటాక అక్క పరుగున బయటికి వచ్చింది. జరిగింది మొత్తం ఒక్క గుక్కలో చెప్పింది. లోపల ఒక పెద్ద సారు ఆమె చేతులు చూసి, "ఏంటమ్మా ఆ చేతులు?" అని అడిగాడట. "స్కూటర్ ఆగిపోయింది సార్, బాగుచేసుకొని వచ్చిన," అని చెప్పిందట. ఆయన నవ్వి, "మంచిది. ముందు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని రండి. మా దగ్గర రేకుకు మసి అంటకూడదు," అన్నాడట. తర్వాత అల్యూమినియం ముక్క ఇచ్చి రంధ్రాలు వేయించారు, అంచులు రాకించారు.

"మరి తీసుకుంటరా?" అన్నాడు బాపు.

"ఏమో బాపూ. ఫోన్ చేస్తమన్నరు."

ఆ ఫోన్ వచ్చిన రోజు అక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది. ఫోను నేనే ఎత్తాను. అవతల ఆడగొంతు అక్క పేరు అడిగింది. నేను మెట్లెక్కడం మరిచిపోయి కింద నుంచే అరిచాను. అక్క పైనుంచి వంగి, "ఏంది?" అంది. "కార్ఖానా!" అన్నాను. మిరపకాయల చాట ఆమె చేతిలోంచి జారి మా ఇద్దరి మధ్యా ఎర్రగా వాన కురిసింది. అక్క ఫోనులో, "అవును మేడం, వస్త మేడం," అంటుంటే నేనూ అమ్మా తుమ్ముతూనే ఉన్నాం.

అక్క పనిలో చేరాక మా ఇంటి మాటలే మారిపోయాయి. విమానం రేకులు వెల్డింగ్‌తో అతుక్కోవని, రివెట్లతో కలుపుతారని మొట్టమొదట తెలుసుకున్న ఇల్లు మా ఊళ్లో మాదే. ఒక రివెట్‌కు ఇద్దరు కావాలి. ఇవతల ఒకరు గాలితో నడిచే గన్నుతో కొడితే, అవతల ఒకరు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. మధ్యలో రేకు. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. అందుకని రేకు మీద తట్టి మాట్లాడుకుంటారు. ఒకసారి తడితే ఇంకా కొట్టమని. రెండుసార్లు తడితే బాగా కూర్చుందని. మూడుసార్లు తడితే చెడిపోయింది, తీసేయాలని. అక్కకు జతగా తుక్కుగూడ నుంచి వచ్చే పిల్ల ఉండేది. సెలవు రోజుల్లో ఆ జత నేనే. మా రేకు తలుపుకు అటు అక్క చపాతీ కర్రతో, ఇటు నేను రోకలితో నిలబడేవాళ్లం. ఠక్ అని అటు, ఠక్ అని ఇటు. కర్ర దెబ్బ పడ్డచోటే రోకలి ఆనాలి, ఒక్క వేలెడు కూడా పక్కకు పోకూడదు. "చేతి మీద దెబ్బ తెలవాలె చెల్లె, కండ్లు మూస్కో," అనేది అక్క.

నాయనమ్మకు ఈ తట్టడం తెగ నచ్చింది. అప్పటి నుంచి అన్నం తినేటప్పుడు కూర బాగుంటే పళ్లెం మీద రెండుసార్లు తట్టేది. ఉప్పు ఎక్కువైతే మూడుసార్లు. అమ్మ వంటింట్లోంచే, "ఇనబడ్డది, ఇనబడ్డది," అనేది.

బాపు మాత్రం ఆ మాటల్లో కలిసేవాడు కాదు. అక్క సాయంత్రం రాగానే దగ్గరికి పిలిచి ఆమె చేతులు రెండూ తిప్పి చూసేవాడు. రోజూ. చూసి వదిలేసేవాడు.

ఏడాది తర్వాత కార్ఖానా వాళ్లు పనివాళ్ల ఇళ్లవాళ్లను రమ్మని పిలిచారు. ఒక ఆదివారం పొద్దున మా ఊరి మూలమలుపు దాకా కార్ఖానా బస్సు వచ్చింది. నాయనమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. బాపు కొత్త అంగీ వేసుకుని, చిటికెన వేలు తెగిన చేతిని జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. లోపలికి పోయేముందు మా చెప్పులకు గుడ్డ తొడుగులు వేశారు, కళ్లకు అద్దాలు పెట్టారు. ఆ అద్దాల్లో నాయనమ్మను చూసి అమ్మ నవ్వాపుకోలేక నన్ను గిల్లింది.

తలుపు తెరుచుకుంది. నేల అద్దంలా మెరుస్తోంది. పై నుంచి తెల్లటి వెలుగు. చల్లగాలి. ఎక్కడా మంట లేదు, నూనె మరక లేదు. బాపు గడప దగ్గరే ఆగిపోయి చుట్టూ చూశాడు.

"గిది కార్ఖానానా, దవాఖానానా?" అన్నాడు.

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. అక్క నీలం రంగు కోటు వేసుకుని, జడ టోపీలో దాచుకుని మా ముందు నడిచింది. మధ్యలో పచ్చటి రంగు పూసిన పెద్ద భాగం ఒకటి నిలబెట్టి ఉంది. విమానం తోకలో ముక్క అని చెప్పింది. దాని నిండా వరుసలు వరుసలుగా రివెట్లు. చేత్తో తాకొచ్చు అన్నారు. నాయనమ్మ అరచేయి పరిచి నిమిరింది, లేగదూడను నిమిరినట్టు.

"ఇది ఎగురుతదా బిడ్డ?"

"ఇదొక్కటే ఎగరదు నాయనమ్మ. మిగిలినయన్ని కలిసినంక ఎగురుతది."

బాపు జేబులోంచి చెయ్యి తీశాడు. రివెట్ల వరుస మీద వేళ్లు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా జరిపాడు. ఆ వేళ్లకు ఇనుము తెలుసు. ఎక్కడైనా ఎత్తుపల్లాలుంటే పసిగట్టేవే. మళ్లీ ఒకసారి జరిపాడు.

"నువ్వే కొట్టినవా గివన్ని?"

"ఈ వరుస నేను, గా తుక్కుగూడ పిల్ల కలిసి కొట్టినం."

"చేతికి దెబ్బ తాకలేదా?"

"మొదట్ల రెండుమూడు సార్లు తాకింది. నీకు చెప్పలే."

బాపు కళ్లకున్న అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు, అక్కతో అన్నాడో తనలో తాను అనుకున్నాడో తెలియదు. "నాకు గా రోజు తెల్వదు బిడ్డ, కార్ఖానాలు గిట్ల గూడ ఉంటయని." అక్క ఆయన చేయి పట్టుకుంది. నేను అటు తిరిగి గోడ మీది గడియారం చూస్తున్నట్టు నటించాను. నాకు ఏడుపు, నవ్వు రెండూ వస్తున్నాయి.

ఆ వారంలోనే బాపు తన కార్ఖానాలో సూపర్‌వైజర్‌ను పట్టుకుని కొత్త చేతి తొడుగులు కావాలని, కళ్లద్దాలు కావాలని అడిగాడు. అన్నేళ్లలో అడగనివాడు అడిగేసరికి అవతలివాళ్లు బిత్తరపోయారట. అద్దాలు రావడానికి చాలా రోజులు పట్టింది కానీ తొడుగులు వెంటనే ఇచ్చారు, ఆయన ఒక్కడికే కాదు, రోలర్ల దగ్గర నిలబడే వాళ్లందరికీ. ఆ సాయంత్రం వాటిని ఇంటికి తెచ్చి అక్కకు చూపించాడు. అక్క కుట్లు లాగి చూసి, "బొటనవేలు కాడ కుట్టు జర కచ్చగ ఉంది, చూస్కో," అంది.

నేను అప్పుడు ఇంటర్ రెండో ఏడు. ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి అని కాలేజీలో అడిగితే మా స్నేహితురాళ్లంతా కంప్యూటర్ అన్నారు. నేను మెకానికల్ అన్నాను. లెక్చరర్ మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. చాచా మాత్రం జిలేబీ తెప్పించి షాపుకొచ్చిన ప్రతివాడికీ పంచాడు.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చిన సంబరాలు ఇంకా చల్లారలేదు. మా మూలమలుపు దగ్గర కట్టిన గులాబీ తోరణాలు వానకు తడిసి వేలాడుతున్నాయి. నేను ఇంజనీరింగ్ కాలేజీ బస్సు కోసం, అక్క కార్ఖానా బస్సు కోసం రోజూ అక్కడే నిలబడేవాళ్లం. ఆ నెలలో కార్ఖానాకు కొత్త బ్యాచి తీసుకున్నారు. పొద్దున పోయేసరికి మామిడిపల్లి నుంచి, తుక్కుగూడ నుంచి వచ్చిన ఆడపిల్లలతో మలుపు నిండిపోయి ఉంది. ఒకరి టిఫిన్ డబ్బా ఒకరు తెరిచి చూస్తున్నారు. ఒకామె తండ్రి ఇంకా పోకుండా కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. అక్క కొత్తవాళ్లకు నేర్పించే పనిలో ఉంది అప్పటికి. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి గాజులున్నవాళ్ల గాజులు తీయించి సంచుల్లో వేయిస్తోంది.

"అక్కా, భయమైతుంది," అంది ఒక పిల్ల.

"ఏమైతది? ఇయ్యాల రంధ్రాలు ఏసుడే. మంచిగ తిన్నవా?"

"చాయ్ తాగిన."

అక్క తన డబ్బా తెరిచి జొన్నరొట్టె సగం విరిచి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇంతలో బస్సు వచ్చింది. తలుపు దగ్గర తోసుకుంటూ, నవ్వుకుంటూ అందరూ ఎక్కారు. ఆ పిల్ల నోట్లో రొట్టె పెట్టుకునే మెట్టెక్కింది. బస్సు నిండిపోయి, కిటికీల్లోంచి చున్నీలు బయటికి ఎగురుతుంటే డ్రైవర్ హారన్ కొట్టి బండి కదిలించాడు. కిటికీలోంచి అక్క నాకేసి చూసి, నా కాలేజీ బస్సు మలుపు తిరిగి వస్తోందని చేత్తో చూపించింది. నేను సంచి భుజాన వేసుకుని దాని కోసం పరుగెత్తాను.